గారెల నడుమ ఆవకాయ ముక్క

వీరభద్రంగారు ఆ సోఫా మధ్యలో కావాలనే కూర్చున్నారా, ఖాళీ కనబడి కూర్చున్నారా అన్నది నాకింకా తేలలేదు. ఫ్రీమాంట్‌లో ముప్పై ఏళ్లు ప్రొటీన్ల ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. ఎవరింట భోజనమైనా ప్లేటులో రెండు గారెలు పెట్టుకుని, తినకుండా, ఒకదానికొకటి తాకించి చూపిస్తారు. "ఇవి రెండు ప్రొటీన్లు. అతుక్కోకూడనివి అతుక్కుంటే కణానికి జబ్బు. అతుక్కోవాల్సినవి ఎడమొహం పెడమొహంగా ఉన్నా జబ్బే."

ఆ ఆదివారం పద్మజ తన కూతురు సంహితకు చూపిద్దామని మరో రాష్ట్రంలోని నోవై నుంచి వినీత్ అనే పెళ్లికొడుకును భోజనానికి పిలిచింది. సాయంత్రమే అతని తిరుగు ఫ్లైటు. ఇద్దరూ సోఫాకు చెరో చివరా కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటే, వీరభద్రంగారు గారెలతో సహా వెళ్లి మధ్యలో కూర్చున్నారు. "ఆయన్ని లేపండి అన్నయ్యగారూ, ప్లీజ్," అని పద్మజ నా దగ్గర పళ్లు నూరింది. నలభై నిమిషాలైనా ఆయన లేవలేదు. "కొన్ని జతలు వాటంతటవి కలవవమ్మా, మధ్యలో మూడోది కావాలి," అంటూ గారెల నడుమ ఆవకాయ ముక్క పెట్టారు. "తర్వాత మూడోది ఏమవుతుంది అంకుల్?" అంది సంహిత, ఆవులింత ఆపుకుంటూ. "పనయ్యాక ఊడిపోతుంది." ఆయన బట్టతల మీదుగా వినీత్ కనుబొమలెగరేశాడు. సంహితకు నవ్వాగలేదు.

ముక్క నలిగిపోయిందని, ఇంకోటి తెస్తానని ఆయన లేచారు. "ఈయనెప్పుడూ ఇంతేనా?" అన్నాడు వినీత్. "లాస్ట్ టైమ్ ఇడ్లీలు," అంది సంహిత, కాస్త ఇటు జరిగి. పద్మజ పాయసం తెచ్చేసరికి ఆ మాటలకు అంతు లేదు. వంటింట్లో ఆవకాయ జాడీ మూత తీసినట్టే లేదు. గుమ్మం దగ్గర ఆయన చెప్పులూ లేవు.