వేడి తెలియని చేయి

కొవ్వూరు టీకొట్టు దగ్గర మోటార్‌సైకిల్ ఆపాను. నా భార్య గ్లాసు అందుకుని, "చల్లారిపోయిన టీ ఇచ్చాడేంటండీ?" అంది. గ్లాసులోంచి పొగలు వస్తున్నాయి.

"ఇప్పుడే దించానమ్మా, చెయ్యి కాలుద్ది, కింద పెట్టేయండి!" అన్నాడు కొట్టాయన కంగారుగా.

ఆ చలికాలమంతా నిడదవోలు నుంచి రాజమండ్రిలో ఆమె పనిచేసే బడికి తెల్లవారుతూనే బయల్దేరేవాళ్లం. నేను చొక్కా లోపల పాత పేపర్లు పెట్టుకునేవాణ్ణి. ఉన్న ఒక్క జత గ్లౌజులూ "బండి తోలేది మీరు కదండీ" అని నాకే ఇచ్చేది. తన చేతులు నా స్వెట్టర్ జేబుల్లో దూర్చుకునేది.

చలి కాచుకుంటే ఆమె చేతుల్లో తిమ్మిరి పోతుందనుకున్నాం. ఎండాకాలం వచ్చినా పోలేదు. అన్నం కలిపే ముందు వేడి చూడమని ఇప్పటికీ నన్నే అడుగుతుంది. అది చలి వల్లో, లోపలి జబ్బు వల్లో ఏ డాక్టరూ తేల్చలేదు.