ఉమాకాంత్ గారి పేరు రాని ప్రార్థన

రోజా పాస్టరు గారి బిడ్డ. మెదక్ జిల్లాలో నర్సాపూర్ అవతల ఒక చిన్న ఊళ్లో ఆమె తండ్రి బుగ్గయ్య గారు రేకుల కప్పు కింద చర్చి నడిపేవారు. తండ్రి గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వణుకుతుందో అచ్చం అట్లాగే పట్టి ప్రార్థన చేసి, చిన్నప్పుడే రోజా పెద్దవాళ్ల చేత ఆమెన్ అనిపించేది. బాప్తిస్మం మాట వస్తే మాత్రం తప్పించుకునేది. ఇంటర్ అయ్యాక అంది, డిగ్రీ అయ్యాక అంది. గ్రూప్స్‌కి చదవడానికి హైదరాబాద్‌లో అశోక్‌నగర్ వచ్చాక, నౌకరీ వచ్చాక అంది. నిజానికి ఆమెకు లోపల ఏమీ అనిపించేది కాదు. ఆ సంగతి ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలిసేది కాదు.

వనపర్తి నుంచి వచ్చిన స్వరూపతో కలిసి రోజా ఒక మేడ మీద గది కిరాయికి తీసుకుంది. కింద ఇంటివాళ్లు ఉమాకాంత్ గారు, మనోరమ గారు. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మనోరమ గారు పొద్దున్నే దీపం పెట్టి దేవుడితో పక్కింటివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేవారు. నల్లా సరిగా రావట్లేదనీ, పైన ఉన్న ఆడపిల్లలు సరిగా తినట్లేదనీ చెప్పేవారు. రోజా, స్వరూప మెట్ల మీద ఆగి విని నవ్వుకునేవాళ్లు.

2011లో సకల జనుల సమ్మెకు కోచింగులు బందయిన రోజుల్లో ఉమాకాంత్ గారికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని తేలింది. హైదర్‌గూడ ఆసుపత్రిలో ఆపరేషన్ అన్నారు. ఆయనకు సూదంటేనే భయం. ముందురోజు సాయంత్రం మనోరమ గారు పిల్లలిద్దరినీ టీకి పిలిచి, పాస్టరు గారి బిడ్డవు కదా, మీ దేవుడికి కూడా ఒక మాట చెప్పమని రోజాను అడిగారు.

రోజా కళ్లు మూసుకోగానే తండ్రి గొంతు వచ్చేసింది. సర్వోన్నతుడా, మహా ఘనుడా అని ఎత్తుకుని, భూమ్యాకాశాలు చుట్టి, ఎర్రసముద్రం దాటి, దేశాన్ని ఏలేవాళ్లను దీవించి ఆమెన్ అంది. అప్పటికి టీ మీద మీగడ కట్టింది. ఉమాకాంత్ గారు మెల్లగా ఒక కన్ను తెరిచారు.

"మంచిగున్నది బిడ్డా. నా పేరు ఎక్కడ వచ్చింది? నేనే ఇనలేదా?"

నిజంగానే రాలేదు. ముందు స్వరూప నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. రోజా కూడా నవ్వింది గానీ ముఖం వేడెక్కింది. ఎవరైనా వింటున్నారో లేదో పట్టించుకోకుండానే ఇన్నేళ్లూ మాట్లాడానని ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే ఆమెకు తెలిసివచ్చింది.

మళ్లీ చేస్తానంది. ఈసారి ఎట్లా మొదలుపెట్టాలో తోచలేదు. చివరికి, "ప్రభువా, అంకుల్‌కు భయమైతుంది. నిన్నెట్ల అడగాల్నో నాకు తెల్వది. రేపు ఆయన పక్కన ఉండు," అంది. ఆమెన్ అనడం మరిచిపోయింది. ఆ చిన్న మాటను ఎవరో చెయ్యి చాచి అందుకున్నట్టు అనిపించింది.

ఇది నాకు కూడా అర్థమైంది అన్నారు ఉమాకాంత్ గారు.

ఆపరేషన్ సాఫీగా అయింది. రోజా దాన్ని అద్భుతమని చెప్పుకోలేదు. ఇది అందరికీ సాఫీగానే అవుతుందని డాక్టరే అన్నాడు మరి. ఆమెను వదలనిది ఆ సాయంత్రపు మాట. చిక్కడపల్లి లైబ్రరీకి నడిచేటప్పుడు లోలోపల దేవుడితో మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట్లో అన్నీ ఫిర్యాదులే. నోటిఫికేషన్ రావట్లేదు, మెస్సులో పప్పు నీళ్లలా ఉంది. ఇదివరకు బైబిలు వాక్యాలు బహుమతుల కోసం కంఠతా పట్టిందే తప్ప వరసగా చదివింది లేదు. ఇప్పుడు మార్కు సువార్త మొదటి నుంచి చదివింది. యేసు అలసిపోయి పడవలో నిద్రపోయిన చోట పేజీ తిప్పబుద్ధి కాలేదు. ఈయన మనుషులకు ఇంత దగ్గరివాడా అనుకుంది.

ఒకరోజు నడకలో స్వరూప మీద ఫిర్యాదు ఎత్తుకుంది. మాక్ టెస్టులో స్వరూపకు ఎక్కువ మార్కులొచ్చినప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. ఫిర్యాదు సగంలో ఉండగానే తప్పెవరిదో తెలిసిపోయింది. మెయిన్ రోడ్డు మీద మిర్చి బజ్జీలు కట్టించుకుని వెనక్కి తిరిగి గదికొచ్చింది.

"నీకు మార్కులొస్తే నాకు కుళ్లు పుట్టింది స్వరూపా," అంది.

స్వరూప పొట్లం విప్పుతూ, ఆ సంగతి నాకెప్పుడో ఎరుకే, ఉల్లిగడ్డ పెట్టించినవా అని అడిగింది.

మరుసటి ఏడు క్రిస్మస్ ముందు రోజా ఊరికి ఫోన్ చేసి, బాప్తిస్మం తీసుకుంటానని చెప్పింది.

"నౌకరీ వచ్చిందా బిడ్డా?" అన్నారు బుగ్గయ్య గారు.

"రాలే నాయినా. ఇగ ఆగబుద్ధి అయితలేదు."

మాటలు ఎన్నడూ తక్కువ చెయ్యని మనిషి ఆ పూట ఎప్పుడు, ఎక్కడ అని మాత్రమే అడిగారు.

జనవరిలో నారాయణగూడలో రోజా వెళ్లే చర్చిలోనే బాప్తిస్మం జరిగింది. అక్కడి పాస్టరు గారు ఆ పని తండ్రికే అప్పగించారు. ముందు వరసలో మనోరమ గారు పట్టుచీరతో, ఉమాకాంత్ గారు ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నారు. తెల్లబట్టల్లో తొట్టి నీళ్లలోకి దిగిన రోజాను సాక్ష్యం చెప్పమన్నారు.

"ఇన్ని రోజులు మా నాయిన దేవునికి మొక్కిన. ఇప్పుడు ఆయన నాకు గూడ తెలుసు," అంది.

ఆమె మునిగి లేచేసరికి, నీళ్లలో మునగని బుగ్గయ్య గారి ముఖం కూడా తడిసే ఉంది.

మధ్యాహ్నం మనోరమ గారి ఇంట్లో పులిహోర, గుత్తివంకాయ కూర. బోర్ల గురించి, వానల గురించి మగవాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే బుగ్గయ్య గారు ఊరికి వెళ్లే బస్సు వేళ దాటిపోయింది.

గ్రూప్స్ నౌకరీ రోజాకు రాలేదు. 2014లో ముషీరాబాద్‌లో ఒక బడిలో సోషల్ టీచరుగా చేరింది. పిల్లలు ఆమె క్లాసులో గట్టిగా నవ్వుతారని హెడ్మాస్టరు ఒకసారి పిలిచి అడిగితే, అవును సార్, నేనే నవ్విస్తానని తప్పించుకోకుండా ఒప్పుకుంది.