పాట లేని రికార్డు, కదలని ఎదుర్కోలు

ఈ ఉదంతాన్ని రాతపూర్వకంగా నమోదు చేయవలసిన అవసరం ఇటీవలే ఏర్పడింది. మా చిన్నక్క పెళ్ళిలో ఎదుర్కోలు ఆగిపోయిన సంగతి గద్వాల బంధువుల నోట ఒక విధంగా, వనపర్తి బంధువుల నోట మరొక విధంగా చలామణి అవుతూ వస్తోంది. గద్వాల వారి కథనం ప్రకారం నేను పెళ్ళిపందిట్లో చావుబాజా పెట్టించాను. వనపర్తి వారి కథనం ప్రకారం మగపెళ్ళివారు అలిగి బస్సెక్కి కూర్చుంటే నేను ఆ బస్సుకు అడ్డంగా పడుకున్నాను. (నేను జీవితంలో ఏ వాహనానికీ అడ్డంగా పడుకోలేదు.) ఇన్నేళ్ళూ వీటిని పట్టించుకోలేదు. కానీ మొన్న గద్వాల వెళ్ళినప్పుడు చిన్నక్క మనుమరాలు తన ఫోనులో ఒక పాత అమెరికన్ జాజ్ రికార్డు వినిపిస్తూ, "తాతా, నానమ్మ పెండ్లి నువ్వు ఆపింది దీంతోనేనంట గదా? ఎంత మంచిగుందో! చదువుకునేటప్పుడు రోజూ ఇదే పెట్టుకుంట" అంది. ఆ సంగీతం మంచిదన్న విషయంలో ఆ పిల్లతో నాకు పేచీ లేదు. పెళ్ళి ఆపానన్న అభియోగం విషయంలో ఉంది. కనుక జరిగినది జరిగినట్టు, క్రమం తప్పకుండా చెబుతాను.

ఆ రోజుల్లో సంగీతం వినడమంటే అది ఉన్న చోటికి మనిషి నడిచి వెళ్ళడమే. ఇప్పటిలా అది మన జేబులో కూర్చుని మన వేలి కోసం కాచుకునేది కాదు. హైదరాబాదులో ఎం.ఎ. చదువుతున్నప్పుడు సికింద్రాబాదులోని ఒక సహాధ్యాయి ఇంట్లో నేను ఆ రికార్డు మొదటిసారి విన్నాను. నేను కర్ణాటక సంగీతం కొంత నేర్చుకున్నవాడిని. (నేర్చుకున్నానంటే, మా నాయిన నేర్పించమన్నందుకు గురువుగారు ప్రయత్నించారు.) పాశ్చాత్య సంగీతం అంటే గోల అన్న దృఢాభిప్రాయంతో, మర్యాద కోసం కూర్చున్నాను. పియానో, లావు తీగల పెద్ద ఫిడేలు ఏదో గుట్టు చెప్పుకుంటున్నట్టు మెల్లగా మొదలయ్యాయి. ఆపైన ట్రంపెట్ వచ్చింది. వచ్చి ఎక్కడికీ పరుగెత్తలేదు. ఒకే స్వరాల వరుసను పట్టుకుని, వసారాలో చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేసే పెద్దమనిషిలా, అందులోనే అటూ ఇటూ తిరిగింది. మన ఆలాపన కూడా అంతే కదా అనిపించింది. అయితే మన ఆలాపన తరువాత కీర్తన వస్తుంది. ఇక్కడ అది రాలేదు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని కుర్చీ అంచున కూర్చున్నవాడిని రికార్డు రెండో వైపు ముగిసేదాకా అంచునే ఉన్నాను. దీన్ని మోడల్ జాజ్ ('మోడ్' అంటే ఒక స్వరాల వరుస) అంటారని సహాధ్యాయి చెప్పాడు. ఏమంటే నాకేమిటి? ఆ రాత్రి హాస్టల్లో భోజనం సహించలేదు. కొన్నాళ్ళకు ఆబిడ్స్ కాలిబాట మీద, ఆదివారం పాత పుస్తకాల గుట్టల నడుమ అదే రికార్డు కనబడితే, చంకలో పెట్టుకుని హాస్టల్ దాకా నడిచే వచ్చాను. బస్సులో ఎవరైనా ఆనుకుంటే పగిలిపోతుందని భయం.

తరువాత నాగర్‌కర్నూలులో లెక్చరర్‌గా చేరాను. రికార్డు ఉంది గాని వినే యంత్రం లేదు. ఆదివారాల్లో దాన్ని చుట్టిన తువ్వాలులో నుండి బయటికి తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, అట్ట వెనుక ఉన్నదంతా చదివి, మళ్ళీ తువ్వాలులో చుట్టి పెట్టేవాడిని. మా పక్కగదిలోని లెక్కల లెక్చరర్ ఒకనాడు కిటికీలో నుండి చూసి, "వారం వారం తానం చేపిస్తున్నవు, మాటలు ఎప్పుడు నేర్పిస్తవు?" అని అడిగాడు. అటువంటి వారికి జవాబు చెప్పరాదు.

ఇంతలో చిన్నక్కకు గద్వాల సంబంధం కుదిరింది. పెళ్ళి వనపర్తిలో, మా ఇంటి ముందు పందిట్లో. మగపెళ్ళివారికి విడిది మా వీధి చివరి పల్లీల మిల్లులో. (సీజను కాదు గనుక మిల్లు ఖాళీగా ఉంది. పట్టుబట్టలు కట్టుకున్న వియ్యాలవారందరికీ పల్లీపొట్టు అంటుకుంటుందని అప్పుడు ఎవరికీ తోచలేదు.) ఎదుర్కోలు అంటే విడిది నుండి వారు, ఇంటి నుండి మేము బయల్దేరి, నడుమ దారిలో కలుసుకుని, బుక్కాగులాలు చల్లుకుని, పానకం తాగి, అందరూ కలిసి పందిట్లోకి రావడం. వినడానికి ఇంతే. కానీ మొదటి అడుగు ఎవరు వేయాలన్నది ఏ శాస్త్రంలోనూ లేదు. మా పెద్దక్క పెళ్ళిలో, వాళ్ళు రావాలని మేము, మేము రావాలని వాళ్ళు, పొద్దెక్కేదాకా ఎవరి గడప దగ్గర వాళ్ళు నిలబడ్డాం. అటువంటి అవ్యవస్థ మళ్ళీ జరగరాదని నేను ఒక నిబంధన ప్రతిపాదించాను. మైకులో మొదటి పాట మొదలైన క్షణాన ఇరుపక్షాలూ ఒకేసారి బయల్దేరవలెను. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనుక కాదు. పెళ్ళికొడుకు మేనమామ దీన్ని ఎంతో మెచ్చుకున్నాడు. ఆయన వకీలు కాడు గాని, ఒక భూమి దావా కోసం కోర్టు చుట్టూ తిరిగి తిరిగి లోకానికి వకీలు మామ అయ్యాడు. "మంచిగ చెప్పినవు బాబూ. కానీ చెప్పినంక చెప్పినట్టే నడవాలె. పాట అంటే పాటనే. వెనుక మాట మార్చొద్దు" అన్నాడు. నిబంధనను గౌరవించే మనిషి దొరికినందుకు నేను లోలోపల మురిసిపోయాను.

పెళ్ళినాటి ఉదయం మైక్ సెట్ వచ్చింది. దాని యజమానిని ఊరంతా హారన్ చాచా అనేవారు. యంత్రం మా అరుగు మీద. ఒక హారన్ మా మిద్దె మీద, రెండోది మిల్లు గేటు మీద. ఇరుపక్షాలకూ సమానంగా వినబడాలని ఆ ఏర్పాటు కూడా నాదే. అరుగు మీద తిరుగుతున్న ఆ పళ్ళెం చూసేసరికి నాలో ఏదో కదిలింది. రెండేళ్ళుగా తుడవడమే గాని వినని రికార్డు లోపల నా సంచిలోనే ఉంది. (పెళ్ళికి వచ్చేవాడు దాన్ని ఎందుకు తెచ్చుకున్నాడని అడగవద్దు.) నిబంధనను ఒకసారి మనసులో తిరగవేశాను. ఇందులో మనిషి గొంతు లేదు. కనుక ఇది పాట కాదు. కనుక ముందుగా పెట్టించినా ఎవరూ కదలరు. తర్కంలో ఎక్కడా పగులు కనబడలేదు.

"చాచా, ముందుగాల ఇది పెట్టు. అయిపోయినంక దేవుని పాట పెట్టు. నడుమ సూది ఎత్తొద్దు, గీత పడ్తది."

చాచా రికార్డును వెలుతురుకు పట్టి చూశాడు. "ఎంతసేపు ఆడ్తది సాబ్ ఇది?"

"జరసేపే" అన్నాను. అది నేను ఆడిన అబద్ధం కాదు. సికింద్రాబాదులో నాకు జరసేపే అనిపించింది.

మొదలైంది. తగరపు హారన్‌లో పియానో గిన్నెలు తోమినట్టు వినబడింది. అయినా ట్రంపెట్ వచ్చేసరికి అరుగు అంచున కూర్చుండిపోయాను. అంతలో నాయిన కేక. విస్తరాకులు చాలవట, పెరట్లోకి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి పందిరి ఖాళీ. మైకు మోగుతోంది కదా అని మావాళ్ళందరూ పళ్ళేలు పట్టుకుని బయల్దేరి, చౌరస్తాలో ఆగిపోయారు. నేను అక్కడికి చేరేసరికి ఎదురుగా మిల్లు గేటు మూసే ఉంది. అటునుండి ఒక్క మనిషీ రావడం లేదు. పురోహితుడు ఎండలోకి చూసి, "లగ్నం దగ్గరపడ్తున్నది. ఇది దాటితే రేపటినుంచి మూఢం. మళ్ళ నెలల తరబడి ముహూర్తం లేదు" అన్నాడు. ఇంట్లో చిన్నక్క బాసికం కట్టించుకుని కూర్చుని ఉంది.

"ఏమ్రా, వాళ్ళు రాకపాయె?" అన్నాడు నాయిన.

"పాట మొదలు కాలేదు నాయినా."

"మరి ఈ మోగుతున్నదేంది?"

"ఇది వాద్య సంగీతం."

"అంటే?"

"పాట కాదు."

నాయిన నన్ను ఆపాదమస్తకం చూశాడు. "పాట మొదలు కావాల్సిన యాల్లకు పాట కానిదాన్ని ఎందుకు పెట్టించినవ్‌రా?"



మిల్లుకు పరుగెత్తాను. గేటు లోపల గోనెసంచుల మీద వకీలు మామ నిబ్బరంగా కూర్చుని ఉన్నాడు. చుట్టూ గద్వాల వారందరూ హారన్ వంక తలలెత్తి చూస్తున్నారు. ఒకాయన, "గొంతు సవరించుకుంటుండు, ఇగ పాడ్తడు" అన్నాడు. ఇంకొకాయన, "ఎంతసేపని సవరిస్తడు? పడిశం పట్టినోన్ని పెండ్లికి ఎందుకు పిలిచిండ్రు?" అన్నాడు.

"మామా, మావాళ్ళు చౌరస్తా దాకా వచ్చిండ్రు. జర దయచేసి కదలండ్రి."

"వచ్చిండ్రా? పాట కాకముందే వచ్చిండ్రా?" వకీలు మామ కళ్ళు మెరిశాయి. "అట్లయితే కట్టడి తప్పింది మీరు. మేం తప్పం. పాట అంటే మనిషి పాడాలె. ఇప్పటిదాంక ఒక్క మనిషి పాడలె. నీ మాటనే బాబూ నేను నిలబెడ్తున్న."

నా నిబంధనను నా ఎదుటే అంత కచ్చితంగా పాటించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇక రికార్డు ఆపించి దేవుని పాట పెట్టించడం ఒక్కటే మార్గం. చౌరస్తాలో మావాళ్ళ నడుమ నుండి దూసుకుని (ఒక పానకం బిందె నా మోచేతికి తగిలిన మాట వాస్తవం) అరుగు దగ్గరకు చేరి, ఆపమని చేయి ఎత్తాను. సరిగ్గా అప్పుడు ట్రంపెట్ ఒక స్వరాన్ని పట్టుకుని, దాని మీద అలాగే నిలబడి, మెల్లగా, తొందరేమీ లేనట్టుగా పక్కకు తప్పుకుంది. దాని తరువాత అందుకోవలసిన సాక్సోఫోన్ ఇంకా రాలేదు. పియానో ఒక్కటే ఖాళీ చోటును కాపలా కాస్తున్నట్టు మోగుతోంది. నా చేయి ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది.

"సాబ్, ఆపాల్నా వద్దా?" అన్నాడు చాచా. "చెయ్యి లేపి నిలబడ్డవు, ఏం చెప్పినట్టు?"

చాచా కూడా ఒక క్షణం చెవి ఒగ్గి విన్నాడు. "ఇది ఖతం అయ్యే బాజా కాదు సాబ్. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టుంది."

అప్పుడు వినబడింది ఒక గొంతు. ముదుసలి గొంతు, కొద్దిగా వణుకుతూ, కానీ స్వరం తప్పకుండా. మొదట అది రికార్డులోనిదే అనుకున్నాను. ఇన్నిసార్లు అట్ట చదివాను గదా, పాడినవారి పేరు ఎట్లా చూడలేదని కంగారుపడ్డాను. తల తిప్పి చూస్తే మిల్లు గేటు తెరుచుకుంటోంది. పెళ్ళికొడుకు నాయనమ్మ, గద్వాల అవ్వ, అందరికంటె ముందు నడుస్తూ, వియ్యాలవారిని ఎకసెక్కాలాడే పాట ఎత్తుకుంది. వెనుక ఆడవారందరూ అందుకున్నారు. పైన హారన్‌లో పియానో తన దారిన తాను మోగుతూనే ఉంది. ఆ స్వరాల మీద అవ్వ పాట, పీట మీద మనిషి కూర్చున్నట్టు కూర్చుంది. మనిషే పాడింది గనుక వకీలు మామ కూడా లేచి, కండువా మీది పల్లీపొట్టు దులుపుకుని నడిచాడు. చౌరస్తాలో గులాలు ఎగిరింది. లగ్నం దాటకముందే జీలకర్ర బెల్లం చిన్నక్క తల మీదికి, బావ తల మీదికి చేరింది. ఇదీ జరిగినది. పెళ్ళి ఆగలేదు.

గేటు లోపల ఏం జరిగిందో బావ తరువాత చెప్పాడు. మా ప్రాంతంలో సన్నాయివారు శృతి పట్టి కూర్చుంటే ఆడవారు పాట అందుకోవడం రివాజు. అవ్వ చాలాసేపు విని, విని, తన మనుషుల మీదనే విరుచుకుపడిందట. "ఏందిర మీ లొల్లి? పాపం వాళ్ళు పొద్దటిసంది శృతి పట్టి కూసున్నరు, మనోళ్ళు అందుకుంటరేమోనని. ఊది ఊది ఆ పిల్లగాని దవుడలు పోతున్నయ్. మీకు నోర్లు లెవ్వా? తప్పు మనది!"

మధ్యాహ్నం పంక్తిలో నేను నెయ్యి వడ్డిస్తుంటే అవ్వ నన్ను ఆపింది. "ఆ ఊదిన పిల్లగానికి బువ్వ పెట్టిండ్రా?"

"ఆయన ఇక్కడ లేడు అవ్వా. అమెరికాల ఉంటడు. అది రికార్డు."

అవ్వ చేతిలోని ముద్దను తిరిగి విస్తరిలో పెట్టింది. "గంత దూరం నుంచి మన పెండ్లికి ఊదిండా! నేనెప్పుడు అందుకుంటనోనని ఎంత ఓపిక పట్టిండు బిడ్డ!"

ఆ తరువాత నాకు సొంత యంత్రం సమకూరింది. పుస్తకాలు కూడా చదివాను. తక్కిన జాజ్‌లో స్వరమేళాలు మెట్ల మీద పిల్లల్లా వెంటవెంటనే మారిపోతుంటాయనీ, ఈ పద్ధతిలో మాత్రం ఒకే వరుస మీద చాలాసేపు నిలబడి, వాయించేవాడు తనకు తోచినంత దూరం నడవవచ్చుననీ విద్వాంసులు వివరించారు. అది సరైన వివరణే అయి ఉండాలి. కానీ ఇన్నేళ్ళయినా ఆ సంగీతం పాతబడకపోవడానికి నాకు ఆ వివరణ చాలదు. ముగింపు తెలిసిన పాట విన్నప్పుడు నా చెవి కుదురుగా కూర్చుంటుంది. దీన్ని వింటే కూర్చోలేను. ట్రంపెట్ తప్పుకుని పియానో ఒంటరిగా మిగిలే ఆ చోటు రాగానే లేచి, గదిలో తిరుగుతాను, వాకిలి వంక చూస్తాను. మా ఇంటావిడ వంటింట్లో నుండి, "మళ్ళ లేచిండ్రా? ఎవరూ రారు, కూసోండి" అంటుంది. అవ్వ పోయి చాలా కాలమైంది. ఆమె గొంతు ఆ రికార్డులో ఎన్నడూ లేదు, ఎవరు ఎన్నిసార్లు వేసినా రాదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా ఆ చోటులో అరుగు ముందు చేయి ఎత్తి, ఆపమనీ అనలేక, వద్దనీ అనలేక గుంజాటన పడుతూ నిలబడిన ఆ యువకుడు కళ్ళకు కడతాడు. అన్నింటికీ నిబంధన రాసిన వాడు, దానికి మాత్రం రాయలేకపోయాడు. వాడిని చూస్తే నాకిప్పుడు కోపం రాదు, నవ్వు వస్తుంది. చేయి దించమని మాత్రం చెప్పబుద్ధి కాదు.

చివరిగా పాఠకులకు ఒక విన్నపం. అవ్వ పాట ఆ రికార్డు స్వరాలతో కలిసిందని పైన రాశాను. నా సంగీత జ్ఞానం ఎంతటిదో మొదటనే మనవి చేశాను. పైగా ఆనాడు విన్నది తగరపు హారన్‌లో, ఆయాసంతో. వాద్యాల విషయంలో గాని, ఎదుర్కోలు ఆచారం విషయంలో గాని, స్వరాల విషయంలో గాని నేను పొరబడి ఉంటే తెలిసినవారు తప్పక సరిదిద్దగలరు, కృతజ్ఞతతో దిద్దుకుంటాను. ఒకవేళ ఆ రెండూ కలిసే అవకాశమే లేదని ఎవరైనా శాస్త్రబద్ధంగా తేల్చితే, అది కూడా తెలియజేయండి. కాకపోతే, కొంచెం నెమ్మదిగా తెలియజేయండి.