ఆ మాటే రాసివ్వండి

మా ఇంగ్లీషు మేడమ్ గారు పోయారన్న సంగతి నాకు ఒక ఫ్లెక్సీ చెప్పింది. పొద్దున్న బస్సులో ఆఫీసుకి వెళ్తున్నాను. ఇంకా అమలాపురం రాకముందే, రోడ్డు పక్కనున్న ఫార్మసీ కాలేజీ గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. మధ్యలో ఆవిడ ఫొటో, చుట్టూ గులాబీలు, కింద దీపం బొమ్మ. 'మా కళాశాల శ్రేయోభిలాషికి అశ్రునివాళి' అని రాసుంది. ఆ పక్కన నమస్కారం పెడుతున్న కరస్పాండెంటు గారి ఫొటో, ఆవిడ ఫొటో కంటే కాస్త పెద్దది. సంస్మరణ సభ ఆదివారం అట.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ కాలేజీకీ ఆవిడకీ ఉన్న స్నేహం ఎలాంటిదో నాకు తెలుసు. ఆ ఫొటో ఎక్కడో చూశాననిపించింది గానీ, గుర్తొచ్చేలోగా బస్సు గేటు దాటిపోయింది. అమలాపురంలో దిగి ఆవిడ చెల్లెలుగారికి ఫోన్ చేశాను.

"ఆయ్, నిజమేనమ్మా. మొన్న సాయంత్రం కాఫీ కలుపుకుని కుర్చీలో కూర్చున్నారు. కాఫీ అలాగే ఉండిపోయింది. నిన్న కార్యక్రమం కూడా అయిపోయింది. ఎవరెవరికని చెప్పను చెప్పు," అన్నారు. ఏడుపు అప్పుడొచ్చింది.

కొత్తపేట ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఆవిడ మాకు ఇంగ్లీషు చెప్పేవారు. రోజూ అమలాపురం నుంచి బస్సులో వచ్చేవారు. నలగని నేత చీర, మగవాళ్ళ గొడుగు, స్టీలు క్యారేజీ. పదహారేళ్ళ పిల్లల్ని కూడా 'అండీ' అని పిలిచే మనిషి. మొదటి రోజు మేం పాఠ్యపుస్తకాలు తీస్తే, "పుస్తకం తరవాత చూద్దామండి. మీరు కాలేజీలో చేరినప్పుడు మీ నాన్నగార్లు దేనిమీద సంతకం పెట్టేరో ఎవరికన్నా తెలుసా?" అన్నారు. ఎవరికీ తెలియదు. ఆఫీసు నుంచి తనే ఖాళీ అప్లికేషన్లు పట్టుకొచ్చి, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు డిక్లరేషన్ మాచేత చదివించారు. ఒక్కో వాక్యం ఒక్కొక్కరు చదివి, తెలుగులో అర్థం చెప్పాలి. మా మొదటి ఇంగ్లీషు పాఠం అదే. హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వకపోయినా అభ్యంతరం లేదని మా నాన్న ఒప్పుకున్నట్టు నాకప్పుడే తెలిసింది. గోదారి లంకలో అరటితోట కౌలుకి చేసుకునే మా నాన్నకి, తనకి అలాంటి అభిప్రాయం ఉందని ఇప్పటికీ తెలియదు.

"మనస్ఫూర్తిగా ఒప్పుకున్నామని రాసుంది చూడండి. చదవకుండా మనస్ఫూర్తిగా ఒప్పుకోడం పెళ్ళిళ్ళలోనే ఉందనుకున్నాను," అనేవారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. మేం నవ్వాలో వద్దో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళం.

రెండో ఏడాది పరీక్షలయ్యాక కూడా మమ్మల్ని వదల్లేదు. ఏ యూనివర్సిటీకి ఏ సర్టిఫికెట్లు కావాలి, చదివిన స్కూళ్ళ నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఎందుకు తెచ్చుకోవాలి, మీసేవలో దేనికెప్పుడు వెళ్ళాలి, అన్నీ బోర్డు మీద రాయించారు. "ఒరిజినల్ చూపించడం వేరు, ఇచ్చెయ్యడం వేరండి. చూపించండి, వాళ్ళు చూసేక చేతిలోకి తీసుకోండి. పెట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదు," అని మరీ మరీ చెప్పారు. చెప్పడానికి బాగానే ఉంటుంది. కౌంటరు అవతల కూర్చున్నవాడు ఒరిజినల్స్ ఇస్తేనే అడ్మిషన్ అంటే, ఇవతల నిలబడ్డ లంక రైతు ఏం చేస్తాడు? ఇచ్చాడు. పైగా నమస్కారం కూడా పెట్టాడు.

నాకు వ్యవసాయ డిగ్రీ చదవాలని ఉండేది. గోదారి వచ్చి తోట ముంచేసిన ప్రతిసారీ మా నాన్న ఎవరిని అడగాలో తెలియక మందుల కొట్టువాణ్ణి అడిగేవాడు. ఆయన అడగదగ్గ మనిషిని నేనే అవుదామనుకున్నాను. మొదటి కౌన్సెలింగులో సీటు రాలేదు. ఏడాది పోతుందని భయపడి ఈ ఫార్మసీ కాలేజీలో చేరాను. చేరాక వ్యవసాయ యూనివర్సిటీ రెండో కౌన్సెలింగుకి పిలిచింది. ఒరిజినల్స్ తీసుకుని స్వయంగా రావాలంది. కాలేజీకి వెళ్ళి అడిగితే, ఆఫీసు చూసుకునే మేనేజరు గారు తల ఎత్తకుండా, "నాలుగేళ్ళ ఫీజూ కట్టేసి పట్టుకెళ్ళండి," అన్నారు. మా నాన్న బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

సంగతి తెలిసి మర్నాడు మేడమ్ గారు వచ్చారు. ఆఫీసులో గోడ వారన నీలం రంగు ఇనప బెంచీ ఒకటుంది. దాని మీద కూర్చుని, గొడుగు పక్కన పెట్టుకుని, "పిల్ల ఒరిజినల్స్ ఇప్పించండి బాబూ," అన్నారు.

"కుదరదండి మేడమ్ గారు. మా రూల్సు ఒప్పుకోవండి."

"ఆయ్, అలాగేనండి. ఆ మాటే కాగితం మీద రాసివ్వండి. ఫలానా రూలు ప్రకారం ఇవ్వట్లేదని రాసి, సంతకం పెట్టి, స్టాంపు వెయ్యండి. వెళ్ళిపోతాను."

మేనేజరు గారు రాయలేదు. కాదనడానికి పట్టని సమయం, కాదన్నమాట రాయడానికి పడుతుంది. ఆవిడ యుద్ధం మొత్తం ఇంతే. అరుపులు లేవు, ధర్నాలు లేవు. సెలవు పెట్టి, ఆఫీసు తెరిచే వేళకి వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. మా జూనియర్ కాలేజీ పేపర్లు దిద్దుకునేవారు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, "మీరూ రెండు ముద్దలు తినండి, పొద్దున్నుంచీ నాకు సమాధానం చెప్పలేక అలిసిపోయేరు," అని మేనేజరు గారికి పులిహోర పెట్టేవారు. ఆయన తినేవారు కూడా. తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ కుదరదనేవారు.

ఒకరోజు ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఆవిణ్ణి ఫొటో తీశారు. సాయంత్రానికి పోలీసు స్టేషన్ నుంచి కబురొచ్చింది. కాలేజీలో అక్రమంగా చొరబడి విధులకి ఆటంకం కలిగిస్తున్నారని ఫిర్యాదు. ఆవిడతో నేనూ వెళ్ళాను. ఎస్సై గారు ఆ ఫొటో మా ముందు పెట్టి, "ఇది మీరేనా అండీ?" అన్నారు. ఫొటోలో మేడమ్ గారు బెంచీ మీద తిన్నగా కూర్చుని కెమెరాలోకి చూస్తున్నారు. ఒడిలో క్యారేజీ.

"నేనేనండి. కూర్చున్నమాట నిజమేనండి. నిలబడితే మోకాళ్ళు నొప్పులండి," అన్నారు ఆవిడ.

ఎస్సై గారు నవ్వు ఆపుకున్నారు. పెద్దావిడ, పైగా లెక్చరరు అని కేసు పెట్టలేదు. కానీ సర్టిఫికెట్లు ఇప్పించలేదు కూడా. అది తన పరిధిలోది కాదన్నారు. యూనివర్సిటీకి రాస్తే వాళ్ళు పరిశీలిస్తామన్నారు. ఎవరి పరిధిలో వాళ్ళు క్షేమంగా ఉన్నారు.

చివరికి ఒరిజినల్స్ ఇచ్చారు. వ్యవసాయ యూనివర్సిటీ కౌన్సెలింగు ముగిసిన మర్నాడు ఇచ్చారు. మాకు కాఫీ తెప్పించి మరీ, "తీసుకెళ్ళండమ్మా, మేమేమన్నా వద్దన్నామా?" అన్నారు. మేడమ్ గారు కాఫీ ముట్టుకోలేదు. ఎవరన్నా ఇచ్చింది ఆవిడ తాగకపోవడం నేను చూసింది అప్పుడొక్కసారే. గేటు బయటికొచ్చాక గొడుగు తెరవబోయి, మళ్ళీ మూసేసి అన్నారు: "రూలు మనవైపే ఉందండి. తేదీ వాళ్ళవైపుంది."

ఇంకెక్కడా సీట్లు లేవు. వారం తిరక్కుండా ఆ సర్టిఫికెట్లే పట్టుకెళ్ళి ఆ బల్ల మీదే పెట్టి, ఆ కాలేజీలోనే చదివాను. ఇప్పుడు ఇళ్ళ దస్తావేజుల మీద అప్పులిచ్చే ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. జనం ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టడం నా ఉద్యోగం. ఒకసారి దారిలో కలిసినప్పుడు ఈ మాట మేడమ్ గారితో చెబితే నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "మీరన్నా రశీదు ఇస్తున్నారా?" అని అడిగారు. ఇస్తున్నామని చెప్పాను. చెయ్యి వదల్లేదు చాలాసేపు.

రిటైరయ్యాక ఆవిడకి అదే పనయింది. అడ్మిషన్ల కాలం వచ్చిందంటే రాజోలో, రావులపాలెమో, ఎక్కడో ఒక ఆఫీసు బెంచీ మీద ఉండేవారు. సర్టిఫికెట్లు టైముకి రాబట్టిన పిల్లలున్నారు. నాలాంటివాళ్ళే ఎక్కువని ఆవిడే అనేవారు. సాధించినవాళ్ళు మిఠాయి పట్టుకొచ్చేవారట, పోగొట్టుకున్నవాళ్ళు ఊరికే వచ్చి కూర్చునేవారట.

ఆదివారం సభకి వెళ్ళాను. వెళ్ళకూడదనే అనుకున్నాను. గేటు దగ్గర ఫ్లెక్సీ కింద నిలబడి తలెత్తితే, ఆ ఫొటో ఎక్కడ చూశానో తెలిసిపోయింది. గులాబీలు అడ్డం పెట్టారు గానీ, భుజం పక్కన నీలం బెంచీ అంచు కనిపిస్తూనే ఉంది. కింద ఫొటో అంచుకి క్యారేజీ మూత సగం తెగిపోయి ఉంది. పోలీసులకి చూపించిన ఫొటోయే దాచుకుని, దానికి దండ వేశారు.

సభలో కరస్పాండెంటు గారు చాలాసేపు మాట్లాడారు. మేడమ్ గారు తమ కాలేజీకి ఎన్నోసార్లు విచ్చేసి విలువైన సూచనలిచ్చేవారట. ఆవిడ జ్ఞాపకార్థం ఇకమీదట ఏ విద్యార్థి ఒరిజినల్సూ కాలేజీలో ఉంచుకోబోమన్నారు. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక, వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. పక్కన కూతురు, కొంగు పట్టుకుని లాగుతోంది కూర్చోమని.

"బాబుగారూ, ఆ మాట రాసివ్వండి. మా పిల్లకి గవర్నమెంటు నర్సింగు కాలేజీలో సీటొచ్చిందండి. రేపే ఆఖరండి. మేడమ్ గారు మాకోసమే మొన్న మీ ఆఫీసుకొచ్చి వెళ్ళేరు. ఇంటికెళ్ళిన ఆ సాయంత్రమే పోయేరు."

కరస్పాండెంటు గారు చిరునవ్వు చెదరకుండా, "తప్పకుండానమ్మా. రేపు ఆఫీసులో కలవండి," అన్నారు.

బయట ఆవిణ్ణి పలకరించాను. కువైట్‌లో ఇళ్ళల్లో పని చేసి వచ్చిందట. "అక్కడ నా పాస్‌పోర్టు వాళ్ళు దాచేరండి. ఇక్కడ మా పిల్ల కాగితాలు వీళ్ళు దాచేరు. మధ్యలో విమానం ఛార్జీలే తేడా," అంది.

మర్నాడు సెలవు పెట్టాను. ఆఫీసు తెరిచే వేళకి ఆ తల్లీ నేనూ నీలం బెంచీ మీద కూర్చున్నాం. పిల్ల నర్సింగు కాలేజీ దగ్గర క్యూలో ఉంది, జిరాక్సులు పట్టుకుని. అదే మేనేజరు గారు, జుట్టుకి రంగేశారు. సంగతి చెప్పాం.

"సభలో అన్నమాట సభ వరకేనమ్మా. ఆఫీసు రూల్సు ఆఫీసువి," అన్నారు.

"ఆయ్, అలాగేనండి. ఆ మాటే రాసివ్వండి," అన్నాను. ఆ 'ఆయ్' ఆవిడ నోట్లోంచి వచ్చినట్టే వచ్చింది.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి మా ఇద్దరి మీదకీ పెట్టారు. ఆ తల్లి మొహం కొంగుతో కప్పుకోబోతే, వద్దని చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం తిన్నగా కూర్చున్నాం.

"బాగా తియ్యండి. రేపు ఫ్లెక్సీకి పనికొస్తుంది," అన్నాను.

గోడ గడియారం కింద కిటికీ, కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. లోపల కూర్చున్నవాళ్ళకి ఫ్లెక్సీ వెనకవైపే కనిపిస్తుంది. గులాబీలు లేవు, దీపం లేదు, ఆవిడా లేరు. తెల్లటి గుడ్డ గాలికి ఉబ్బుతోంది, తగ్గుతోంది. దాని మీద ఒక్క అక్షరం లేదు.