నీడలో దాచిన తూటాలు

నా రైఫిల్‌కి తూటాలు నేనే తయారు చేసుకుంటాను. రిటైరై అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ ఊళ్ళో స్థిరపడ్డాక అలవడిన పని ఇది. కాల్చిన ఇత్తడి గొట్టాలు శుభ్రం చేయడం, తుపాకి మందు పౌడర్ తూచి పోయడం, గుండును గొట్టంలోకి ఎంత లోతు దించాలో చూసుకోవడం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చినదేమిటో డైరీలో రాయాలి.

కిందటి వేసవిలో మాత్రం ఏం మార్చినా లాభం లేకపోయింది. రెండు వందల గజాల దూరంలో కాగితం పెట్టి కాలిస్తే చిల్లులు పక్కలకు చెదరడం లేదు గాని నిలువునా పాకుతున్నాయి. పౌడర్ కాస్త తగ్గించాను. గుండు కాస్త లోతుకు దించాను. మళ్ళీ అదే నిచ్చెన.

నాతో తుపాకులు కాల్చే రేంజ్‌కి వచ్చేది మా వియ్యంకుడు.

"బ్యారెల్ అరిగిపోయింది బావగారూ, ఒప్పుకోండి. సాటర్‌డే గన్ షాప్‌కి తీసుకెళ్ళి, ఇదిచ్చి కొత్తది తీసుకుని ట్రేడ్-ఇన్ చేసేద్దాం," అన్నాడు.

"మీ మోకాళ్ళూ అరిగాయిగా. మా చెల్లెమ్మ మిమ్మల్ని ట్రేడ్-ఇన్ చేసిందా?"

"అడిగి చూసిందట. ఎవరూ తీసుకోలేదు!"

నవ్వాను గాని లోపల గుచ్చుకుంది. ఈ దేశంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్న రైఫిల్ అది. దాని కొయ్య నా చెంప ఆనిన చోట నునుపుదేరింది. శనివారం ఆఖరిసారి కాల్చి చూస్తాననీ, గురి కుదరకపోతే ఇచ్చేస్తాననీ మాటిచ్చాను.

శుక్రవారం మా ఆవిడ ఇంటి వెనక చెక్క డెక్ మీద వడియాలు పెట్టింది. నేను పక్కనే పాత కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ప్రతి గుండూ ఎక్కడ తగిలిందో దుర్భిణిలో చూసి, తర్వాత ఆ చిల్లు పక్కన వరస అంకె వేయడం నా అలవాటు. ఏ కాగితం చూసినా మొదటివి కింద, చివరివి పైన.

"ఆ పళ్ళెం కాస్త ఇటు లాగండి," అంది.

"ఇప్పుడేగా అక్కడ పెట్టావు?"

"అప్పుడక్కడ ఎండుంది. ఇప్పుడు నీడొచ్చేసింది. ఎండ వెంట నడిచిపోడానికి వడియాలకేమైనా కాళ్ళున్నాయా?"

పళ్ళెం సగం లాగి ఆగిపోయాను. నా తూటాల పెట్టెకీ కాళ్ళు లేవు. మేం వెళ్ళేసరికి రేంజ్‌లో నేను దాన్ని పెట్టే బల్ల నీడలో ఉంటుంది. బ్యారెల్ చల్లారాలని నేను ఒక్కో తూటాకీ మధ్య తీరిగ్గా ఆగుతాను. ఈలోగా జార్జియా ఎండ పెట్టె మీదికి వచ్చేస్తుంది. పౌడర్ వేడెక్కితే గుండు మరింత వేగంగా పోతుంది. అందుకే చిల్లులు పైకి పాకుతున్నాయి!

"రేపు నువ్వు మజ్జిగ చల్లగా ఉంచే కూలర్ డబ్బా నాకు కావాలి," అన్నాను.

"తూటాలు నా కూలర్‌లోనా? ఇక అది మీరే ఉంచుకోండి. నాకొద్దు!"

శనివారం ఐస్ వేయకుండా ఐదు తూటాలు కూలర్‌లో పెట్టి మూత వేశాను. కాల్చే ముందు ఒక్కొక్కటే తీశాను.

"ఏంటి బావగారూ, తూటాలకి మజ్జిగ పట్టిస్తున్నారా?" అన్నాడు వియ్యంకుడు, దుర్భిణికి కన్ను ఆనించి.

ఐదూ కాల్చేసరికి అతని హాస్యం ఆగిపోయింది. "ఒక్కటే కనిపిస్తోంది. మిగతా నాలుగూ ఎటు పోయాయి?"

ఇద్దరం నడిచి వెళ్ళాం. ఐదూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒకే చిల్లులా ఉన్నాయి. రెండు వేళ్ళు అడ్డం పెడితే అన్నీ మరుగున పడ్డాయి. మా వియ్యంకుడు తన వేళ్ళు కూడా పెట్టి చూసుకున్నాడు.

"మరి షాప్‌కి వెళ్దామా?" అన్నాను రైఫిల్ సంచిలో పెడుతూ.

"వెళ్దాం," అన్నాడు. "నాకూ ఒక కూలర్ కొనుక్కోవాలి."