సగం అడుగు ఆలస్యం

ఆమె అసలు పేరు స్టూడియోలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ అడుగులమ్మే. తెరమీద హీరోయిన్ నడుస్తుంటే మనకు వినిపించే చెప్పుల చప్పుడు హీరోయిన్‌ది కాదు, ఈవిడది. మూసిన గదిలో తెరవైపు చూస్తూ, రాతి పలక మీదో ఇసుక తట్టలోనో అడుగులేస్తుంది. పాతికేళ్లపాటు ఆడవాళ్ల అడుగులు ఈవిడవి, మగవాళ్లవి ఈవిడ భర్తవి. జంటగా నడిచే సీనైతే ముందు ఆయన అడుగు, సగం అడుగు ఆగి ఈవిడది. రెండు చప్పుళ్లూ కలిసిపోకుండా వాళ్లు పెట్టుకున్న పద్ధతి అది.

ఆయన పోయి ఏడాదైంది. ఇక ఆ గది గడప తొక్కనని భీష్మించుకు కూర్చున్న మనిషిని సౌండ్ ఇంజనీరు బతిమాలి తీసుకొచ్చాడు. తీరా ఆ సినిమా చూడండి, ఏరికోరి తెచ్చినట్టుంది! భర్త పోయిన ఒకావిడ వీధి వెంట ఒంటరిగా నడిచి వెళ్లి కొత్త ఉద్యోగంలో చేరుతుంది. పాటల్లేవు, మాటలు కూడా అంతంతమాత్రమే. ఉన్నదంతా ఆ నడకే. అది కుదిరితే ఈవిడకు పని దక్కుతుంది. లేదంటే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడమే.

మొదటి టేక్ అయింది.

"అక్కా, సగం అడుగు లేటు," అన్నాడు ఇంజనీరు.

రెండోదీ లేటే, పదోదీ లేటే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది పెళ్లితో వచ్చిన బుద్ధి, ఆయన పోయినా పోలేదు. ముందు ఆయన అడుగు పడాలి కదా అని కాలు తనంతట తానే ఆగుతోంది.

వెనక కూర్చున్న దర్శకుడు లేచాడు. "పోనీ వదిలెయ్యండమ్మా. ఆ ఆగడంలో ఏదో ఉంది. అలాగే వాడుకుంటాను."

అడుగులమ్మకు ఒళ్లు మండింది.

"ఏదో ఏంటి బాబూ? మీ సినిమాలో ఆవిడ మొగుడెవరో నాకు తెలీదు. నేనాగేది మా ఆయన కోసం. అది మీకివ్వను. తమ్ముడూ, ఆ సీను ఇంకోసారి వెయ్యి."

అలమరలో ఆయన తోలుచెప్పులు ఎప్పటిచోటే ఉన్నాయి. వాటివైపు చూడకుండా పళ్ల బిగువున నడిచింది. ప్రతి అడుగూ తెరమీది కాలితో సరిగ్గా పడింది.

"ఓకే అక్కా! రేపు తొమ్మిదింటికి వచ్చెయ్."

సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. ఆయన లేకుండా నడక కుదిరిందంటే ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టనిపించింది.

బయట ఇంకా ఎండ ఉంది. మెట్లు దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా సగం అడుగు ఆగి, ఆ తర్వాతే కాలు దించింది.