నడిమి పొర

వాసన రానిదల్లా నిరపాయకరమని మీకు ఎవరు చెప్పారు?

ఆ మందుల కర్మాగారంలో ఈ ప్రశ్న మొదట అడిగినామె రసాయన చర్యలు జరిపే గదిలో పనిచేసే ఒక స్త్రీ. కంటబడిన ప్రతిదాన్నీ నిలదీసే స్వభావం గనుక అందరూ ఆమెను ఎందుకమ్మ అనేవారు. ఆమె అన్న భార్య అదే గదిలో పాత్రలు కడిగేది. రసాయనాలను కరిగించే సాల్వెంటు పీపా మూత తీశారంటే వదినకు తల పగిలిపోయేది. కిటికీలు తెరిచారు, ఫ్యాన్లు బిగించారు. అవన్నీ ఏనుగు దాహానికి చూరునీళ్లే అయ్యాయి.

ఆ సాల్వెంటును వదిలించుకోవడానికే ఎందుకమ్మ ఫాస్ఫోనియం ద్రవం తెప్పించింది. జాతికి అది ఉప్పే. అయినా మామూలు వేడికే తేనెలా పారుతుంది, ఆవిరి కాదు. అణువులను జతకలిపే పల్లాడియం ఉత్ప్రేరకాన్ని తనలోనే పట్టి ఉంచుతుంది. తయారైన మందు సరుకు తీసేసుకుని అదే ద్రవాన్ని మళ్లీ వాడుకోవచ్చు. మేనేజరు ఒకే ఒక్క డబ్బాకు ఒప్పుకున్నారు. “రెండోసారీ పనిచేస్తేనే పాతది మానేద్దాం. లేదా, ఈ ముచ్చట ఇంతటితో సరి.”

మొదటి విడత నల్లేరు మీద బండిలా సాగింది. భోజనం ముగించుకుని వచ్చేసరికి బల్లమీద సరుకు ఒక సీసాలో, దాన్ని కడిగిన నీళ్లు ఒక సీసాలో ఉన్నాయి. ద్రవం లేదు.

“నా ద్రవం ఏదండీ?” అని ఫోర్‌మన్‌ను అడిగింది.

“ఆవిరైపోయుంటుందిలే.”

“ఆవిరి కాదనే కదా తెప్పించింది!”

“వచ్చిన కొత్తలో అందరూ బుద్ధిమంతులేనమ్మా.”

ఆమెకు కోపం రాలేదు, ప్రశ్న పుట్టింది. ఉత్ప్రేరకం కలిశాక ద్రవం గోధుమరంగులోకి తిరగడం కళ్లారా చూసింది. సరుకు తేటగా ఉంది, నీళ్లూ తేటగానే ఉన్నాయి. మరి రంగు ఎక్కడికి పోయినట్టు?

“మధ్యలో బంకలా మురికి కనబడితే తీసి పారేశా. ఎప్పుడూ చేసేదేగా!” అన్నాడతను.

ఆ గదిలో అది తరాల అలవాటు. నూనెకూ నీటికీ మధ్య తేలేది మురికేనని అక్కడ అందరి చేతులకూ తెలుసు. ఈ ద్రవమేమో నీటికంటే తేలిక, సరుకును విడదీయడానికి పోసే, కంపు లేని నూనెకంటే బరువు. నడుమనే నిలుస్తుంది. ఆ సంగతి ముందుగా చెప్పాలని ఆమెకూ తోచలేదు.

పెరట్లోని వ్యర్థాల పీపాలోకి తొంగిచూస్తే, కడుగునీళ్ల మీద గోధుమరంగు పొర చెక్కుచెదరకుండా ఉంది.

“అత్తారింటికొచ్చిన అల్లుడిలా ఎలా కూర్చుందో చూడవే! కదలదు, కరగదు,” అంది వదిన.

దాన్ని తోడి, మంచినీటితో కడిగి, మళ్లీ వాడారు. రెండో విడతా నెగ్గింది. మేనేజరు మొహం చాటంత అయింది. “గాలిలోకి పోదు, నీళ్లలో కరగదు. కడిగిన నీళ్లు కాలవలోకి వదిలేయండి. వచ్చే నెల నుంచి పాత సాల్వెంటు బంద్!”

కోరుకున్నది అదే. అయినా ఎందుకమ్మ మనసు ఊరుకోలేదు. కరగదంటే, బొత్తిగా కరగదా? కాలవ గట్టు నుంచి పచ్చని పాచి గీకి తెచ్చి రెండు గాజు గ్లాసుల్లో వేసింది. ఒకదానిలో మామూలు నీళ్లు, రెండోదానిలో ద్రవం కడిగిన నీళ్లు పోసింది. వారం తిరిగేసరికి మొదటి గ్లాసులో పాచి పచ్చగానే ఉంది. రెండోదానిలో తెల్లగా పాలిపోయింది.

గ్లాసులు రెండూ వదిన ముందు పెట్టింది. “ఇది చెబితే కడుగునీళ్లకు వేరే తొట్టి కట్టేదాకా కొత్త పద్ధతి ఆగుతుంది. అప్పటిదాకా నీకు ఆ కంపు తప్పదు. ఏం చేయమంటావు వదినా?”

వదిన తెల్లబడ్డ పాచి గ్లాసును చేతిలోకి తీసుకుంది. “నా తలనొప్పి తీసుకెళ్లి కాలవకి అంటగడతావా? చెప్పెయ్. కానీ తొట్టి తొందరగా కట్టించవే తల్లీ, నాదేం ఇనప తల కాదు.”

ఎందుకమ్మ గ్లాసులు రెండూ పట్టుకుని మేనేజరు గదికి నడిచింది. తొట్టి సిద్ధమయ్యేదాకా కొత్త పద్ధతి మొదలుపెట్టేది లేదని చెప్పింది. ఆ రోజు వచ్చేదాకా పాత పీపా దగ్గర వదిన వంతు తానే నిలబడతానని కూడా.